రాతి మేడల ఊళ్లో పోయొస్తా అన్న మాట

సౌదీలో చలికి పళ్లు పటపటలాడాయని చెబితే మా గుంటూరులో ఒక్కరూ నమ్మలేదు. "ఎడారిలో చలేంటి, చోద్యం కాకపోతే" అన్నారు. తప్పు వాళ్లది కాదు. పద్నాలుగేళ్లుగా దమ్మామ్‌లో ఉంటున్న నాకే ఆ దేశమంటే స్కూలు, ఫ్లాటు, సూపర్ మార్కెట్టు, వాటి మధ్య తిరిగే ఏసీ బస్సు. అక్కడి ఇండియన్ స్కూల్లో సోషల్ టీచర్ని. గోల్కొండ కోటనూ ఓరుగల్లు తోరణాన్నీ బోర్డు మీద గీసి చూపిస్తాను గానీ, నేనుంటున్న దేశంలో ఒక్క పాత ఇల్లయినా చూసిన పాపాన పోలేదు.

దక్షిణాన కొండల మీద అబ్హా అనే పట్నం ఉందనీ, దాని దిగువన రిజాల్ అల్మా అనే రాతి మేడల ఊరుందనీ నాకు చెప్పింది సరళ. తను ఫిజిక్స్ టీచరు. తొమ్మిదేళ్లు ఒకే ఫ్లాటులో ఉన్నాం. జనవరి సెలవుల్లో వెళ్దామని ఇద్దరికీ టిక్కెట్లు కొన్నది తనే, హోటలు గది మాట్లాడిందీ తనే. డిసెంబరులో ఆమె ఉద్యోగం మానేసి నెల్లూరు వెళ్లిపోయింది. వాళ్లాయన రిటైరయ్యాడు, ఇక చాలు వచ్చెయ్యమన్నాడు. నేను పెళ్లి చేసుకోలేదు కనుక నన్ను వచ్చెయ్యమనేవాళ్లు ఎవరూ లేరు. "నా టిక్కెట్టు రద్దు చేసుకున్నాను. నీది ఉంచాను. మారాం చెయ్యకుండా వెళ్లిరా" అని సరళ ఫోన్లో గదమాయించింది.

ఒంటరి ప్రయాణం మనిషికి తనను తాను చూపిస్తుందని రాసేవాళ్లున్నారు. నాకు మొదటిరోజే ఏడుపొచ్చింది. ఉన్నమాట రాస్తున్నాను.

అబ్హా: గోడ నిండా చూరులు

హోటల్లో గది ఇద్దరి పేర్ల మీద ఉంది. కౌంటరు దగ్గర కుర్రాడు నన్ను చూసి, నా వెనక చూసి, "రెండో మేడమ్?" అన్నాడు. రాలేదన్నాను. గదిలో రెండు తువాళ్లు, రెండు మంచినీళ్ల సీసాలు, రెండు జతల చెప్పులు. పొద్దున టిఫినుకు కూపన్లు కూడా రెండిచ్చారు. కక్షకొద్దీ రెండూ వాడేశాను, పొట్ట ఉబ్బింది.

బయట పొగమంచు కిటికీ అద్దం దాకా వచ్చి నిలబడింది. నాలుగు రోజులకు మాట్లాడుకున్న కారు డ్రైవరు గుల్ మహమ్మద్, పాకిస్తాన్‌లో స్వాత్ అనే కొండప్రాంతం వాడు. నా పల్చటి శాలువా చూసి "మేడమ్, యే దమ్మామ్ నహీఁ హై" అని తన సీటు వెనకున్న దుప్పటి ఇచ్చాడు. అందులో నుంచి పెట్రోలు వాసన వచ్చినా కప్పుకున్నాను.

అబ్హాలో పాత మట్టి ఇళ్లు కొన్ని ఇంకా నిలబడి ఉన్నాయి. గోడను ఒక వరస మట్టితో మెత్తి, దానిమీద పలకరాళ్లు బయటకు పొడుచుకొచ్చేలా వాలుగా పేర్చి, మళ్లీ మట్టి, మళ్లీ రాళ్లు. వాన పడితే నీళ్లు రాయి మీద నుంచి జారి నేల మీద పడతాయి, మట్టి తడవదు. మామూలుగా ఇంటికి ఒక్క చూరు ఉంటుంది. వీళ్లకు గోడ నిండా చూరులే. వానాకాలంలో మట్టిగోడలకు తాటాకులు కట్టే మనవాళ్లకు ఈ ఉపాయం ఎందుకు తోచలేదా అనుకుని, మనకు ఆ పలకరాళ్లు ఎక్కడివిలే అని సరిపెట్టుకున్నాను.

చూడ్డానికి తెరిచి ఉంచిన ఒక ఇంట్లోకి వెళ్తే లోపల గది గోడలన్నీ రంగులు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నల్ల గీతల మధ్య త్రికోణాలూ చుక్కలూ నిచ్చెనలూ. దీన్ని ఖత్ అంటారట, ఆడవాళ్లే వేస్తారట. ఆ ఇల్లు చూసుకునే, ఇంగ్లీషొచ్చిన అమ్మాయికి నా నోటుబుక్కులో ఏడు చుక్కల ముగ్గు వేసి చూపించాను. ముచ్చటపడి, ఇది ఏ గోడ మీద వేస్తారని అడిగింది. గోడ కాదు, వాకిట్లో నేల మీద అన్నాను. "నేల మీదా? మరి తొక్కరూ?" అంది. తొక్కుతారు, రేపు మళ్లీ వేస్తాం అంటే నమ్మలేనట్టు చూసింది.

మధ్యాహ్నం అరీకా తిన్నాను. గోధుమరొట్టెను ముద్దగా పిసికి, ముద్దపప్పులో నెయ్యికి చేసినట్టు మధ్యలో గుంట చేసి, నెయ్యీ తేనే పోసి తెచ్చారు. ఇరవై ఐదు రియాళ్లు. పళ్లెం నలుగురికి సరిపోయేంత ఉంది. చుట్టూ కుటుంబాలు ఒకే పళ్లెంలో చేతులు పెట్టి తింటున్నాయి. నేను ఒక మూల నుంచి తవ్వడం మొదలుపెట్టి పావు వంతు దగ్గర ఆగిపోయాను. తొమ్మిదేళ్లు సరళ నా కంచంలోంచి వడియాలు ఏరుకుంటే విసుక్కున్నదాన్ని. ఆ రోజు ఎవరైనా వచ్చి ఆ పళ్లెంలో చెయ్యి పెడితే బాగుండుననిపించింది.

ఘాట్ దిగుతుంటే

రిజాల్ అల్మా వెళ్లాలంటే కొండ అంచు నుంచి పాతాళంలోకి దిగినట్టు దిగాలి. మలుపులు, సొరంగాలు, బ్రేకుల వాసన. గుల్ మహమ్మద్ అద్దం ఎత్తమని చెప్పాడు. ఫోటో తీసుకోవాలని నేను వినలేదు. అంతే, రోడ్డు పక్క గోడ మీదున్న పెద్ద జూలు కోతి చెయ్యి లోపలికి పెట్టి అరటిపళ్ల సంచి లాక్కుపోయింది. పోతే పోయాయి, అది నా వంక చూసిన చూపులో రవ్వంత మర్యాద లేదు. గుల్ మహమ్మద్ స్టీరింగు మీద తల పెట్టి నవ్వాడు.

దిగేకొద్దీ చలి పోయి ఉక్క మొదలైంది. ఊరి మొదట్లో పూలమ్ముతున్నారు. బంతిపూలు, మరువంలాంటి ఆకు కలిపి చుట్టలుగా కట్టారు. అమ్మే పెద్దాయన తానూ ఒకటి తలకు పెట్టుకున్నాడు. పదిహేను రియాళ్లిచ్చి కొన్నాను. "ఆయన ఎక్కడ?" అని సైగ చేశాడు. ఎవరాయన అంటే, పూలు మగవాళ్లకు కదా అన్నట్టు తన తల చూపించాడు. మా వైపు పూలు ఆడవాళ్ల సొత్తు. నేను ముడి చుట్టూ తిప్పి పెట్టేసుకున్నాను. అటుగా పోతున్న ముగ్గురు ఆడపిల్లలు కిసుక్కున నవ్వి, మళ్లీ వెనక్కొచ్చి నాతో ఫోటో దిగారు. ఆ రోజు నాతో దిగినవాళ్లు వాళ్లే.

రిజాల్ అల్మా: రాతి మేడలు

ఫోటోల్లో చూసినదానికంటే ఎత్తుగా ఉన్నాయి. నాలుగేసి, ఐదేసి అంతస్తులు, ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి నిలబడ్డట్టు. నల్లరాయి గోడలు, కిటికీల చుట్టూ తెల్లటి పలుగురాళ్లతో కట్టిన అంచులు, రంగు తలుపులు. టిక్కెట్టు ఇరవై రియాళ్లు. లోపల మ్యూజియంలో పాత తాళంచెవులు, వెండి నగలు, తోలు సంచులు, ఊయలలు. గుమ్మాలు ఎంత పొట్టివంటే రెండుసార్లు నుదురు కొట్టుకుంది.

ఇంత అందమైన ఊళ్లో ఒక్క ఇంట్లోనూ పొయ్యి వెలగదు. అందరూ పక్కన కొత్త ఇళ్లు కట్టుకుని వెళ్లిపోయారు. కొంచెం సేపు మెట్ల మీద కూర్చున్నాను. సరళకు ఫోటోలు పంపితే బొటనవేలు గుర్తు ఒకటి తిరిగొచ్చింది. వాళ్లింట్లో చుట్టాలట. నాకు కోపం రావాల్సిన పని లేదు, అయినా వచ్చింది.

నా మొహం చూసి గుల్ మహమ్మద్ జాలిపడ్డట్టున్నాడు. దగ్గర్లో చిన్న పల్లె ఉంది, అక్కడ ఒక ముసలావిడ తన పాత ఇల్లు ఎవరొచ్చినా చూపిస్తుంది, టిక్కెట్టు లేదు అన్నాడు. "వహాఁ ఏక్ ఇండియన్ బహెన్ భీ కామ్ కర్తీ హై" అని, ఇండియా ఆడమనిషి ఒకామె అక్కడ పనిలో ఉందని కూడా చెప్పాడు. చీకటి పడేలోగా వచ్చేద్దామని బయల్దేరాం.

ఉమ్ సాలెహ్ ఇల్లు

కారు ఆగిన చోటు నుంచి రాతిమెట్లు ఎక్కాలి. పదో మెట్టు మీద నా చెప్పు పట్టీ పుటుక్కున తెగింది. "నీ సిగతరగ" అని చెప్పును తిట్టాను. పైన కిటికీలోంచి కెవ్వుమని నవ్వు వినిపించింది.

"ఎవురక్కా అది? తెలుగోళ్లా?"

నలభై దాటిన ఆడమనిషి చేతులు తుడుచుకుంటూ మెట్లన్నీ పరుగున దిగొచ్చింది. పేరు లక్ష్మీదేవి. రాయచోటి పక్క పల్లెటూరు. ఈ ఇంట్లో పనికి చేరి ఆరేళ్లు, మధ్యలో ఒక్కసారి సెలవు మీద ఇంటికి వెళ్లొచ్చి నాలుగేళ్లు. నా చెప్పు చేతిలోకి తీసుకుని పిన్నీసు పెట్టి బిగించింది.

"నాలుగేండ్లయిందిక్కా తెలుగు మనిషిని ఎదురుగా సూసి. ఫోన్లో మాట్లాడేది వేరే, ఇట్ల కండ్ల ముందర మాట్లాడేది వేరే. ఇంగోసారి తిట్టండి ఆ చెప్పును."

తిట్టాను. మళ్లీ నవ్వింది, కళ్లు మాత్రం తుడుచుకుంది.

ఇంటావిడను ఉమ్ సాలెహ్ అంటారు, సాలెహ్ అమ్మ అని. డెబ్బై పైబడ్డ మనిషి, నుదుటి మీద పసుపుపచ్చ గుడ్డ కట్టుకుంది. భర్త పోయాడు. కొడుకు సాలెహ్, కోడలు, పిల్లలు పక్కనే కొత్త విల్లాలో ఉంటారు. ఆవిడ రాత్రి పడుకోవడానికే అక్కడికి వెళ్లి, పగలంతా ఈ పాత ఇంట్లోనే ఉంటుందట, లక్ష్మీదేవిని తోడు పెట్టుకుని. లక్ష్మీదేవిని ఆవిడ లచ్మా అని పిలుస్తుంది. పై అంతస్తు గది గోడల మీద ఖత్ సగం పాతది, సగం కొత్తది. రంజాన్ లోపు పూర్తి చేయాలని, లచ్మా స్టూలు పట్టుకుంటే తాను ఎక్కి వేస్తానని చెప్పింది. ఆ వయసులో స్టూలెక్కే పట్టుదలకు దండం పెట్టాలి.

యాలకుల కాఫీ, ఖర్జూరాలు పెట్టారు. ఉమ్ సాలెహ్ కింద ఎవరితోనో మాట్లాడడానికి వెళ్లగానే లక్ష్మీదేవి నా పక్కన చేరింది. కబుర్లన్నీ కూతురి గురించే. స్వాతి, పదో తరగతి, పెద్దమ్మ దగ్గర పెరుగుతోంది.

"పోయినసారి రెండు నెల్లు ఉండి, ఏడుస్తాదని చెప్పకుండా తెల్లారుజామున లేసి వచ్చేసినాక్కా. అప్పట్నుంచి నాతో ఫోన్లో మాట్లాడదు. మళ్లా పొయ్యేదానివైతే రావద్దని మా యక్కతో చెప్పిచ్చింది. ఇంగ చాలనుకున్నా. ఉండేదానికే వస్తాండా అని కబురు పెట్టినా. నా ఖురూజ్ కూడా వచ్చేసింది. పై శుక్రారం ఫ్లైటు. పరుపు, మంచం అంతా పక్కింటి శ్రీలంకామెకు ఇచ్చేసినా."

ఫోను తీసి అరబ్బీలో ఉన్న మెసేజి చూపించింది. తేదీ సరిగ్గా ఏముందో చదివి చెప్పమంది.

ఖురూజ్

అరబ్బీ నాకు బోర్డులు కూడబలుక్కుని చదివేంత వచ్చు. అందులోనూ ఈ మాటలు సౌదీలో బతికే ప్రతి పరాయి మనిషికీ తెలుసు. ఖురూజ్ అంటే బయటికి పోవడం, దేశం దాటడానికి యజమాని తన ఫోన్లో నొక్కి ఇప్పించే అనుమతి. అది రెండు రకాలు. ఖురూజ్ నిహాయీ అంటే ఇక తిరిగి రాని పోక. ఖురూజ్ వ ఔదా అంటే సెలవు మీద వెళ్లి, గడువులోగా మళ్లీ పనిలోకి రావడం. ఆ మెసేజిలో ఉన్నది రెండోది. అరవై రోజుల్లో తిరిగి రావాలి.

చెప్పకుండా వెళ్లిపోదామని ఒక క్షణం అనిపించింది. ఇంకో గంటలో నా దారి నాది. కానీ రాయచోటిలో ఒక పిల్ల, వచ్చిన తల్లి మళ్లీ పోదని నమ్మి కూర్చుంది.

"లక్ష్మీదేవీ, ఇందులో ఔదా అని ఉంది. మళ్లీ రావాలని."

ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహంలో రక్తం లేకుండా పోయింది. "మోసం చేసినారు" అంది. ఉమ్ సాలెహ్ పైకి వచ్చేసరికి ఫోను ఆవిడ ముందు పెట్టి అరబ్బీలో గలగలా అడిగేసింది. ఆరేళ్లలో ఆ ఇంట్లో ఆమె గొంతు అంత పైకి లేవడం అదే మొదటిసారేమో, ముసలావిడ నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది. తర్వాత నెమ్మదిగా రెండే మాటలు అంది. అవి నాకూ అర్థమయ్యాయి. "అరూహ్ వ అర్జా." వెళ్తాను, వస్తాను అని.

లక్ష్మీదేవి తల పట్టుకుని కూలబడింది.

"నేనే అన్న్యాక్కా ఆ మాట. సాలే వచ్చి, పోతావా లచ్మా అని అడిగినాడు. ఉట్టి పోతా అని ఎట్లంటాం? ఇంట్లో పెద్దామె ఉండాది. పోయొస్తా అన్న్యా."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. గుమ్మం దాటే ఏ తెలుగు మనిషి అయినా అనే మాటే అది. పోయినవాళ్లంటే చచ్చిపోయినవాళ్లే మనకు. అందుకే ఎంత దూరం వెళ్తున్నా, ఇక ఈ జన్మలో ఆ గడప తొక్కకపోయినా, వెళ్లొస్తాననే చెబుతాం. ఆ మర్యాదను ఆమె ఉన్నదున్నట్టు అరబ్బీలో పెట్టింది. సాలెహ్ దాన్ని ఉన్నదున్నట్టు ఫోన్లో నొక్కాడు. ఇందులో ఎవరి మోసమూ లేదు.

నేను చెప్పింది లక్ష్మీదేవి అరబ్బీలో చెప్పింది. మాలో వట్టి పోతాననడం చావు మాట అనీ, పోయొస్తాననడం అలవాటే తప్ప ఒప్పందం కాదనీ. ఉమ్ సాలెహ్ చాలాసేపు వింది. ఆఖరుకు ఆవిడ అన్నది లక్ష్మీదేవి నాకు చెప్పలేక చెప్పింది.

"చెత్త పారేసేదానికి పోతాన్నా, అంగడికి పోతాన్నా, పోయొస్తా అనేదానివి. ఆరేండ్లు. ప్రతిసారీ వచ్చినావు గదా అంటాంది."

ఉమ్ సాలెహ్ తన ఫోను తీసి కొడుక్కు కాల్ చేసింది. మాటల్లో నిహాయీ అన్నది రెండుసార్లు వినిపించింది.

లక్ష్మీదేవి నా చెయ్యి వదల్లేదు. "రేప్పొద్దున వచ్చి మెసేజి సదివి పోండక్కా. నాకింగ నమ్మకం లేదు, నా మాట మీదే నాకు నమ్మకం లేదు." మర్నాడు నేను అబ్హా సంతకు వెళ్లాల్సింది. అక్కడ తేనె కొనుక్కురమ్మని స్కూల్లో నలుగురు చెప్పారు. తేనె ఎక్కడికి పోతుందిలే అనుకుని సరేనన్నాను.

మర్నాడు పొద్దున

ఆ రాత్రి రిజాల్ అల్మాలోనే ఒక అద్దెగదిలో పడుకున్నాను. ఉక్కకు నిద్ర పట్టలేదు. సాలెహ్ ఒప్పుకోకపోతే ఏమిటన్న ఆలోచన ఒకటి. నేనెవరిని మధ్యలో, అన్నది ఇంకొకటి.

మేం వెళ్లేసరికి లక్ష్మీదేవి మెట్ల కిందే నిలబడి ఉంది. మెసేజి తొమ్మిదింటికి వచ్చిందట. ఎవరికీ చూపించలేదు. నేను రెండుసార్లు చదివాను, తప్పు చదవకూడదని.

"నిహాయీ. ఇక రానక్కర్లేదు."

ఆమె అక్కడికక్కడే ఫోను నోటి దగ్గర పెట్టుకుని కూతురికి మాట పంపింది. "స్వాతీ, మాయమ్మా, కాయితం సరిగా మార్పిచ్చినా. ఉండేదానికే వస్తాండా." స్వాతి వింటున్నట్టు గుర్తులు నీలంగా మారాయి. జవాబు లేదు. మేం మెట్లెక్కి పై గదికి చేరుకున్నాక ఫోను టింగుమంది. నాలుగేళ్లలో ఆ పిల్ల తల్లికి పంపిన మొదటి మాట అది. "ఎన్ని గంటలకు దిగుతావు?" అంతే. లక్ష్మీదేవి గోడవైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది.

ఉమ్ సాలెహ్ ఆ పూట స్టూలు మీద లేదు. నేల మీద కూర్చుని, చేతికి అందినంత మేర గోడకు రంగు వేస్తోంది. మమ్మల్ని చూసి కుంచె పక్కన పెట్టి కాఫీ పోసింది. రాత్రి ఏమైందో, సాలెహ్ ఏమన్నాడో నేను అడగలేదు. లక్ష్మీదేవి వెళ్లాక ఈ ఇంట్లో పగళ్లు ఎలా ఉంటాయో అడగక్కర్లేకుండానే నాకు తెలుసు. మా ఫ్లాటులో డిసెంబరు నుంచి నావి అలాగే ఉన్నాయి.

విమానం సాయంత్రం. గుల్ మహమ్మద్ కింద హారన్ కొట్టాడు. లేచి, చెప్పులేసుకుని, గుమ్మం దగ్గర వంగి, ముసలావిడ వైపు తిరిగి, "వెళ్లొస్తానమ్మా" అన్నాను.

అనుకుని అన్నది కాదు. దమ్మామ్‌లో బయల్దేరేటప్పుడు ఆ మాట చెప్పడానికి ఇంట్లో మనిషి లేదు. తాళం వేసుకుని వచ్చేశాను. ఇక్కడ గుమ్మమూ, లోపల ఒక పెద్దావిడా కనబడేసరికి నోరు దానంతటదే అనేసింది.

ఉమ్ సాలెహ్ లక్ష్మీదేవిని ఏదో అడిగింది. లక్ష్మీదేవి నా వంక చూసి ఇబ్బందిగా నిలబడింది.

"ఏమంటోంది?"

"నిజింగా వస్తారా, ఉట్టికే అంటాండారా అని అడుగుతాందక్కా."

నిజంగానే అనడం ఎంత తేలిక! అందరం రోజూ అంటాం. కానీ ఆ ముసలావిడ కిటికీ దగ్గర కూర్చుని మెట్ల వైపు చూడడం నా కళ్లకు కట్టింది. జూన్‌లో నా కాంట్రాక్టు కూడా అయిపోతుంది. ఇంత దూరం మళ్లీ రానని నాకు తెలుసు.

"ఊరికే అన్నానని చెప్పు" అన్నాను.

లక్ష్మీదేవి చెప్పింది. ఉమ్ సాలెహ్ తలూపింది. కోపం లేదు, నొచ్చుకోనూ లేదు. కాఫీ కూజా దగ్గరికి లాక్కుని, నేను తాగి బోర్లించిన కప్పును తిప్పి పెట్టి, తన పక్కన చాప మీద చేత్తో తట్టింది.

"రాకపోయేటట్టయితే, ఇంగొంచేపు కూచోమంటాంది" అంది లక్ష్మీదేవి.

కింద గుల్ మహమ్మద్ మళ్లీ హారన్ కొట్టాడు. నేను చెప్పులు విప్పి లోపలికి వెళ్లి కూర్చున్నాను.